పాముకి చలేస్తే రాజమండ్రిలో ఏం చేస్తారండీ?

రాజమండ్రి మెయిన్ రోడ్డులో ఎలక్ట్రికల్ షాపుకెళ్లి ‘‘హీటర్ కావాలండీ’’ అని అడిగితే ముందు మన మొహం వైపు చూస్తారు. రోహిణి కార్తెలో 45 డిగ్రీలు చూసే ఊరిది. ఏసీలు, కూలర్లు, వట్టివేళ్ల తడికలు కొనేవాళ్లే తప్ప వేడిని డబ్బులిచ్చి కొనుక్కెళ్లేవాళ్లు ఎంతమంది ఉంటారు?

‘‘స్నానం నీళ్లకా అండీ?’’ అన్నాడు కౌంటర్ దగ్గరాయన. కాదన్నాను.

‘‘నడుం నొప్పికా?’’

‘‘పాముకండీ’’ అన్నాడు మా తమ్ముడు, పాల ప్యాకెట్ అడిగినంత మామూలుగా.

ఆయన ఒక్క క్షణం ఆగాడు. ‘‘ఆయ్... ఎన్ని వాట్లు కావాలండీ?’’ అన్నాడు. గోదావరి జిల్లాల మర్యాద అంటే ఇదే మరి!

తమ్ముడంటే మా పిన్ని కొడుకు. దానవాయిపేటలో ఉంటాడు. వాడి గదిలో నాలుగు బాల్ పైథాన్‌లు ఉన్నాయి. పేరు విని కంగారు పడకండి. ఇవి ఆఫ్రికా పాములు, విషం లేదు, భయమేస్తే బంతిలా చుట్టుకుపోతాయి, అందుకే ఆ పేరు. మన అడవిలో కనిపించే కొండచిలువ వేరు. దాన్నే కాదు, నాగుపాముని, నక్షత్ర తాబేలుని, మన దేశపు వన్యప్రాణి దేన్నీ ఇంట్లో పెట్టుకోవడం నేరం. విదేశీ జాతులకు వేరే లెక్క ఉంది. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ, దాని వెనక 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం బాల్ పైథాన్ లాంటివి ఉన్నవాళ్లు పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి. మావాడి దగ్గర ఆ కాగితాలు ఉన్నాయి. లేకపోతే నేను ఈ వ్యాసం రాసేవాణ్ని కాదు, వాడితో తిరిగేవాణ్నీ కాదు.

నాలుగింటికీ నాలుగు అద్దాల పెట్టెలు పెట్టే చోటు లేక, స్టీల్ రాక్ ఒకటి చేయించాడు. నాలుగు అరలు, ఒక్కో అరలో మూత ఉన్న పెద్ద ప్లాస్టిక్ డబ్బా, గాలికి పక్కల చిన్న చిన్న బెజ్జాలు. నిజం చెప్పాలంటే ఈ రాక్ పద్ధతి నాకు పెద్దగా నచ్చదు. పాము ఒళ్లు చాచుకునే చోటు కూడా లేకుండా డబ్బాలు పేర్చేవాళ్లని వీడియోల్లో చూశాను. వీడి డబ్బాలు కాస్త పెద్దవే, లోపల దాక్కోవడానికి కుండపెంకులూ ఉన్నాయి. అయినా మా ఇద్దరికీ ఈ విషయంలో గొడవ నడుస్తూనే ఉంటుంది.

అసలు సంగతి వేడి. బాల్ పైథాన్‌కి డబ్బాలో ఒక చివర 31, 32 డిగ్రీలు, రెండో చివర 26, 27 ఉంటే హాయి. తిన్నది అరగాలన్నా బయటి వేడే కావాలి, దాని ఒంట్లో మనలా పొయ్యి ఉండదు. పోయిన ఏడు సంక్రాంతి చలికి ఎవరో చెప్పారని మావాడు హీట్ మ్యాట్ ఒకటి తెప్పించి, నేరుగా ప్లగ్గులో పెట్టి, డబ్బా కింద పరిచేశాడు. నాలుగో రోజుకి ఒక పాము పొట్ట కింద పొలుసులు ఎర్రబడి, తర్వాత గోధుమ రంగు మచ్చలా మారాయి. కాలిందన్నమాట. మానడానికి మూడుసార్లు కుబుసం విడవాల్సి వచ్చింది. డబ్బా అడుగున ప్లాస్టిక్ కూడా కొంచెం వంగింది. ఆ గోడకి అవతలే పిన్ని మంచం. వంగిన ప్లాస్టిక్ చూసి పిన్ని ఒకటే మాట అంది: ‘‘ఒరే, పాముల్ని భరిస్తాను. ఇల్లు తగలబెడితే మాత్రం ఊరుకోను.’’

అందుకని ఈసారి డిసెంబరు రాకముందే బయల్దేరాం. పాములు పెంచేవాళ్లు మన జిల్లాల్లో వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది కూడా ఉండకపోవచ్చు. కానీ చిన్న ప్రాణాలకి కరెంటు వేడి పెట్టడంలో గోదావరి వాళ్లకున్న అనుభవం తక్కువేం కాదు. కోడిపిల్లలు ఉన్నాయిగా!

ప్యాసింజర్ రైల్లో కడియం దాటుతుంటే రెండు పక్కలా నర్సరీలు, వాటి మీద ఆకుపచ్చ షేడ్‌నెట్‌లు. ఎండని ఆపడానికే అంత ఖర్చు పెట్టే చోట మేం వేడి కోసం వెళుతున్నాం. ద్వారపూడి, తర్వాత అనపర్తి. దిగగానే మీకు తెలిసిపోతుంది, గాల్లోనే కోళ్ల దాణా వాసన. అనపర్తి, బలభద్రపురం, బిక్కవోలు చుట్టూ షెడ్లే షెడ్లు. మనం తినే ఆమ్లెట్‌లో ఈ ఊళ్ల వాటా తక్కువేం కాదు.

తెలిసినవాళ్ల ద్వారా ఒక షెడ్డులోకి వెళ్లాం. ఒక్క రోజు వయసు పిల్లలు, పసుపు ముద్దల్లా వేలకి వేలు. నేల మీద ఊక పరిచి, చుట్టూ అడుగున్నర ఎత్తు రేకు గుండ్రంగా కట్టారు. దాన్ని చిక్ గార్డ్ అంటారు. మధ్యలో గొడుగులాంటి బ్రూడర్ వేలాడుతోంది. మొదటి వారం దాని కింద 95 ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో 35 డిగ్రీలు. అక్కణ్నుంచి వారానికి 5 ఫారెన్‌హీట్ చొప్పున తగ్గించుకుంటూ వస్తారు. ఈ షెడ్డులో గ్యాస్ బ్రూడర్లు, కొందరు బల్బులు వాడతారు. బొగ్గు కుంపట్లు పెట్టేవాళ్లు కూడా ఉన్నారు. పొగ బయటికి పోయే దారి లేకపోతే కుంపటి పిల్లల్నే కాదు, కాపలా మనిషినీ చంపుతుంది.

‘‘థర్మామీటర్ ఎక్కడ పెడతారండీ?’’ అని తమ్ముడు అడిగాడు.

సూపర్‌వైజర్ నవ్వాడు. ‘‘ఉందండీ, అదిగో. కానీ నేను దాన్ని చూడనండి, పిల్లల్ని చూస్తాను. గుంపుగా ఒకదాని మీద ఒకటి పడి అరుస్తున్నాయనుకోండి, చలేస్తున్నట్టు. రేకు అంచుకి పోయి నోళ్లు తెరిచాయనుకోండి, వేడెక్కువైనట్టు. షెడ్డంతా సమానంగా పరుచుకుని మేస్తుంటే మనం వెళ్లి అన్నం తినొచ్చు.’’

ఎంత చక్కటి పద్ధతి! కానీ పాముల దగ్గర ఇది పనిచేయదు. కోడిపిల్ల కాలితే అరుస్తుంది, పరుగెత్తుతుంది. పాము అరవదు. పైగా దానికి దాక్కునే చోటు దొరికితే, ఆ చోటు నేల కాలుతున్నా చాలాసార్లు అక్కణ్నుంచి కదలదు. డబ్బాలో పెంచే పాములకి పొట్ట కింద కాలిన గాయాలు అందుకే అంత మామూలు. అంటే మావాడు పామును చూసి వేడి తెలుసుకోలేడు. దాని తరఫున ఇంకేదో చూడాలి. ఆ ‘ఇంకేదో’ నమ్మకంగా ఉండాలి.

అది మాకు మండపేట దాటాక ఒక ఊళ్లో, కొబ్బరిచెట్ల మధ్య చిన్న పెంకుటింట్లో దొరికింది. అక్కడొకాయన నాటు కోళ్లు పెంచుతాడు. సంక్రాంతి వస్తే ఏ కోళ్లకి గిరాకీ ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. కాకి, డేగ, నెమలి అంటూ రంగుల పేర్లు చెబుతూ పోయాడు. పొదిగే పెట్టలు చాలక గుడ్లని థర్మాకోల్ పెట్టెలో పెడతాడు. చేపలు ప్యాక్ చేసి పంపే పెట్టె అది. మూతకి ఒక చిన్న అద్దం, లోపల రెండు బల్బులు, పాత కంప్యూటర్ ఫ్యాన్, గిన్నెలో నీళ్లు. 37.5 డిగ్రీల దగ్గర 21 రోజులు ఉంచితే పిల్ల బయటికొస్తుంది.

‘‘ఇప్పుడు పెద్ద కష్టం ఏంటో తెలుసా అండీ? బల్బులు’’ అన్నాడాయన. నిజమే, ఎల్‌ఈడీ వచ్చాక పాత ఫిలమెంట్ బల్బు దొరకడమే గగనమైంది. ఎల్‌ఈడీ వెలుగిస్తుంది కానీ గుడ్డుని పొదగదు. కరెంటు ఆదా చేయడమంటే వేడి వృథా కాకుండా చూడటమేగా! మనకి వృథా అనిపించినదే ఆయనకి కావాలి.

పెట్టె బయట రెండు థర్మోస్టాట్‌లు కనిపించాయి. చిన్న డిజిటల్ డబ్బాలు, ఎర్ర అంకెలు, ఒక్కోదానికీ ఒక సెన్సర్ తీగ. ఒకదాని మీద 37.5, రెండోదాని మీద 39.

‘‘రెండెందుకండీ?’’

ఆయన మొహం కాస్త మారింది. రెండేళ్ల కింద ఒకటే ఉండేదట. ఒక రాత్రి దాని లోపలి రిలే అతుక్కుపోయింది. రిలే అంటే టిక్కుమంటూ కరెంటుని కలిపే, విడదీసే చిన్న మీట. వేలసార్లు కొట్టుకున్నాక ఒక్కోసారి దాని మొనలు కరిగి అంటుకుపోతాయి. అప్పుడు అంకెలు ఎంత చూపించినా బల్బు ఆరదు. తెల్లారి మూత తీస్తే గుడ్లన్నీ ఉడికిపోయి ఉన్నాయి. ‘‘పద్దెనిమిదో రోజండీ’’ అన్నాడు. మూడు రోజులు ఆగితే పిల్లలు వచ్చేవి.

అప్పట్నుంచి రెండు థర్మోస్టాట్‌లని ఒకే తీగ మీద వరసగా కలిపాడు. కరెంటు మొదటిదాన్ని దాటి, రెండోదాన్ని కూడా దాటితేనే బల్బుకి చేరుతుంది. రోజూ పనిచేసేది 37.5ది. అది అతుక్కుపోయిన రోజున 39 దగ్గర రెండోది తలుపు మూసేస్తుంది. ఇంతా కలిపి రెండోదానికి ఆయన పెట్టిన ఖర్చు ఒక నాటుకోడి గుడ్ల బుట్టంత కూడా లేదు.

తమ్ముడు అక్కడే నేల మీద కూర్చుని ఫోన్లో బొమ్మ గీసుకున్నాడు.

ఇంటికొచ్చాక వాడు ముందు చేసింది కొనడం కాదు, కొలవడం. ఇది నాకు బాగా నచ్చింది. అతి తక్కువ, అతి ఎక్కువ ఉష్ణోగ్రతలు గుర్తుపెట్టుకునే థర్మామీటర్ ఒకటి వారం రోజులు గదిలో వదిలేశాడు. డిసెంబరు చివర, కిటికీలు మూస్తే, తెల్లవారుజామున 21, మధ్యాహ్నం 28. అంటే గదంతా కాల్చాల్సిన పనేం లేదు. ఒక మూలన ఒక అరచేతి చోటులో పది డిగ్రీలు, అదీ రాత్రిపూట, అదీ ఏడాదిలో పది పన్నెండు వారాలు. మన డెల్టాలో కథ అంతే. చలి దేశాలవాళ్లు తీసే వీడియోలు చూసి వాళ్లు కొనేవన్నీ కొంటే ఇక్కడ పాముని ఉడకబెట్టుకున్నట్టే.

ఏది పెట్టాలన్నదానికి ఎక్కువసేపు పట్టలేదు. బల్బు వద్దు, రాత్రంతా వెలుగు, డబ్బా ఎండిపోతుంది, తాకితే పాముకీ ప్లాస్టిక్‌కీ ప్రమాదం. వెలుగివ్వని సిరామిక్ హీటర్ ఎత్తైన అద్దాల పెట్టెలో జాలీ వెనక బాగుంటుంది, అరల మధ్య నాలుగంగుళాల సందులో కాదు. దాని ఒంటి వేడికి కాగితమే మాడుతుంది. ‘హీట్ రాక్’ అని రాయిలా కనిపించే హీటర్లు అమ్ముతారు, ముచ్చటగా ఉంటాయి, కొనకండి. నడుం నొప్పి ప్యాడ్ మనిషి మెలకువగా ఉన్నంతసేపు వాడేది. దాన్ని ప్లాస్టిక్ కింద నెలల తరబడి నొక్కిపెట్టడానికి చేయలేదు. చివరికి పల్చటి హీట్ స్ట్రిప్‌లే మిగిలాయి, అరకొకటి, డబ్బా కింద వెనక వైపు మూడో వంతు మాత్రమే. మిగతా రెండొంతులు చల్లగా ఉండాలి. పాము ఎటు కావాలంటే అటు పోవాలి కదా!

ఒక్కోటి 15 వాట్లు. నాలుగూ కలిపి 60. సీలింగ్ ఫ్యాన్ కన్నా తక్కువ. ఇక్కడే చాలామంది మోసపోతారు. వాట్లు తక్కువ కదా, ఏమవుతుందిలే అనుకుంటారు. ఎంత వేడి పుడుతుందన్నదొకటే కాదు, పుట్టింది ఎటు పోతోందన్నదీ చూడాలి. పైన ప్లాస్టిక్, కింద చెక్క, మధ్యలో గాలాడని సందు ఉంటే 15 వాట్లే గంట గంటకీ పేరుకుంటాయి. అందుకే స్ట్రిప్ కింద చెక్క తీసేసి ఊచల అర పెట్టించాడు. థర్మాకోల్ ముక్క హీటర్‌కి తగిలేలా ఎక్కడా లేదు, అది అంటుకుంటే పొగ కూడా మంచిది కాదు.

సెన్సర్ ఎక్కడ పెట్టాలన్నదాని మీద ఒక సాయంత్రమంతా పోయింది. డబ్బా లోపల వదిలేస్తే పాము దాన్ని తోసేస్తుంది. సెన్సర్ చల్లని చోట పడిందంటే, ‘ఇంకా వేడెక్కలేదు’ అనుకుని హీటర్ మండుతూనే ఉంటుంది. కాబట్టి సెన్సర్ బయటే, స్ట్రిప్‌కీ డబ్బాకీ మధ్య, కదలకుండా అతికించాలి. అక్కడ 33 పెడితే లోపల నేల మీద 31, 32 వచ్చింది. అది లేజర్ చుక్క పడే థర్మామీటర్ గన్‌తో చూసిన లెక్క.

ఇంకో చిక్కు పిన్ని కనిపెట్టింది, ఆవిడకి కరెంటు గురించి ఏమీ తెలియదు. ‘‘కడగడానికి ఒక డబ్బా బయటికి తీశావనుకో, దాని కింద ఆ తీగ చల్లబడదూ?’’ అంది. మేమిద్దరం మొహాలు చూసుకున్నాం. సెన్సర్ ఉన్న అర నుంచి డబ్బా తీస్తే అక్కడ గాలి తగిలి చల్లారుతుంది, థర్మోస్టాట్ నాలుగింటికీ కరెంటు వదులుతుంది, మిగతా మూడు పాములు కాలతాయి. అందుకే రెండో థర్మోస్టాట్ సెన్సర్‌ని వేరే అర కింద పెట్టారు, 36 దగ్గర ఆగేలా. డబ్బా తీయాలంటే ముందు స్విచ్ కట్టేయాలని రాక్ మీద పిన్నే కాగితం అంటించింది.

పాముల్ని పెట్టే ముందు వారం రోజులు ఖాళీ డబ్బాలతోనే నడిపారు. మధ్యలో కావాలని ఒక సెన్సర్ తీగ పీకి, థర్మోస్టాట్ ఆగుతుందా లేదా అని చూశారు. ఆగింది. ఆగని రకమైతే అదే రోజు మార్చేయాలి. నీళ్ల గిన్నె ఒలికినా తీగ వెంట నీరు ప్లగ్గులోకి జారకుండా, తీగని ప్లగ్గు కన్నా కిందికి ఒక వంపు తిప్పి పైకి తెచ్చారు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఆ గదికి ఎర్త్ సరిచూపించి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించారు. ఎంసీబీ ఉంది కదా అంటారు కొందరు. ఎంసీబీ వైరుని కాపాడుతుంది, మనిషికి షాక్ కొడితే ఆపేది ఆర్‌సీసీబీ. పాములు లేని ఇంట్లో కూడా ఉండాల్సింది అది. సీలింగ్‌కి పొగ అలారం ఒకటి, పిన్ని షరతు.

కరెంటు పోతే? మామూలు కోతకి ఇన్వర్టర్ చాలు, 60 వాట్లే కాబట్టి రాత్రంతా లాగుతుంది. తుపానొస్తే వేరు. 1996 నవంబరు 6న కోనసీమని ఊడ్చేసిన తుపాను తర్వాత ఎన్ని రోజులు దీపాల కింద గడిపారో ఇక్కడ ఏ ఇంట్లో అడిగినా చెబుతారు. కానీ మన తుపాన్లు వచ్చే రోజుల్లో గది 24, 25కి తగ్గడం కష్టమే. ఆరోగ్యంగా ఉన్న పెద్ద పాము దాన్ని తట్టుకుంటుంది. ఆ రోజుల్లో దానికి తిండి పెట్టకూడదు, అంతే. వేడి లేక అరగకపోతే కక్కేస్తుంది. మరీ చలైతే వేడినీళ్ల సీసాకి గుడ్డ చుట్టి డబ్బా పక్కన బయట పెట్టొచ్చు. కొవ్వొత్తి మాత్రం రాక్ దరిదాపులకి రాకూడదు.

చలికాలం సాఫీగా గడిచింది. మచ్చ పడిన పాము కూడా బాగానే తింటోంది. మార్చి మొదట్లో ఇద్దరం అంతర్వేది బయల్దేరాం. ఈసారి పని మీద కాదు, తాబేళ్లని చూడటానికి. ధవళేశ్వరం మీదుగా వెళుతుంటే బ్యారేజీ గేట్లు చూపించి ‘‘175 థర్మోస్టాట్‌లు అన్నయ్యా’’ అన్నాడు. వాడికి ఇప్పుడు ప్రపంచమంతా అలాగే కనిపిస్తోంది. జొన్నాడ వంతెన, రావులపాలెం, రాజోలు, సఖినేటిపల్లి. కొబ్బరి తోటలు అయిపోయి ఇసుక మొదలయ్యేసరికి మధ్యాహ్నం పన్నెండు దాటింది.

జనవరి నుంచి ఈ తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. మోచేతి లోతు గుంట తవ్వి వందకి అటూ ఇటూ గుడ్లు పెట్టి, పూడ్చి వెళ్లిపోతాయి. కుక్కలు, నక్కలు తవ్వకుండా ఆ గుడ్లని తీసి కంచె లోపల మళ్లీ పాతిపెడతారు. 45 నుంచి 60 రోజులకి పిల్లలు పైకి వస్తాయి. ఇక్కడ హీటర్ లేదు, థర్మోస్టాట్ లేదు. కానీ లెక్క మాత్రం మన రాక్ కన్నా కఠినం. ఇసుక దాదాపు 30 డిగ్రీల చుట్టూ ఉంటే ఆడ, మగ రెండూ పుడతాయి. కాస్త చల్లబడితే మగవి ఎక్కువ, వేడెక్కితే ఆడవి ఎక్కువ. మరీ మించితే ఏదీ పుట్టదు. వేసవి ముదిరే కొద్దీ కంచె మీద నీడ వేయాల్సి వచ్చేది అందుకే.

మావాడు సంచిలోంచి థర్మామీటర్ గన్ తీశాడు. అది తెచ్చాడని నాకు తెలియదు. కంచెకి దూరంగా ఉత్త ఇసుక మీద చూపిస్తే 49. చెప్పులు లేకుండా నిలబడలేం. అక్కడే మోచేతి లోతు తవ్వి గుంటలో చూపించాడు. 30.5.

మళ్లీ నొక్కాడు. 30.5. ‘‘రెండడుగులు లేదన్నయ్యా’’ అన్నాడు, చేతికంటిన తడి ఇసుక దులుపుకోకుండానే.

కాపలా ఆయన దూరం నుంచి ఇదంతా చూస్తున్నాడు. దగ్గరికొచ్చి, ఒక కర్ర దగ్గర గుడ్లకి రోజులు నిండాయని, తెల్లారకముందే వస్తే పిల్లల్ని నీళ్లలోకి వదలడం చూడొచ్చని చెప్పాడు. రాత్రికి అంతర్వేదిలోనే ఉండిపోదాం అనుకున్నాం. తమ్ముడు పిన్నికి ఫోన్ చేసి, రాక్ థర్మోస్టాట్ మీద అంకె ఎంతుందో చూసి చెప్పమన్నాడు.

‘‘మార్చి వచ్చింది కదరా, గది 30 ఉంది’’ అంది పిన్ని. ‘‘పొద్దున్నే ప్లగ్గు పీకేశాను.’’